మన ఇల్లు: రోడ్డు కన్నా పల్లంలో ఉన్న ఇంట్లో బాత్‌రూం కట్టేముందు

వృద్ధులున్న ఇళ్లలో ఏదో ఒకనాడు ఈ ప్రస్తావన వస్తుంది. దాదీమా రాత్రివేళ పెరట్లోకి నడిచి వెళ్లలేకపోతున్నారు, మోకాళ్లు సహకరించడం లేదు, వానాకాలంలో మెట్ల మీద నాచు పట్టి జారుతోంది. ఆమె గదిని ఆనుకొని ఒక బాత్‌రూం కట్టిస్తే ఐదు పూటలా వుజూకూ ఇబ్బంది ఉండదు, కోడళ్లకూ కూతుళ్లకూ పరదాకు లోటు రాదు. ఆలోచన ఎంతో మంచిది. ఇంటి పెద్దలకు సేవ చేసుకునే అవకాశం అల్లాహ్ అందరికీ ఇవ్వడు.

అయితే అలాంటి గది కట్టేటప్పుడు మనం సాధారణంగా గోడలు, టైల్సు, కమోడు రంగు గురించి మాట్లాడుకుంటాం. గదిలోకి నీరు ఎలా తేవాలన్నది చిన్న సమస్య. మోటారు వేస్తే నీరు పైకి వస్తుంది. ఆ గదిలో నుంచి నీరు ఎటు పోవాలన్నదే పెద్ద సమస్య. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఇళ్లలో ఈ ప్రశ్నకు ముందుగా సమాధానం వెతక్కపోతే, కట్టిన గది సౌకర్యం కావడానికి బదులు ఇంటిల్లిపాదికీ అశుద్ధమూ అనారోగ్యమూ తెచ్చిపెడుతుంది. అందుకే ఈ నెల ఈ విషయాన్ని వివరంగా చర్చించదలచాము.

మన నేల స్వభావం

మన ప్రాంతం కృష్ణా పశ్చిమ డెల్టా. 1855లో విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. అక్కడి నుంచి వచ్చే కాలువల నీరే ఈ నేలను మాగాణి చేసింది, తెనాలి ఊరి మధ్యగా కాలువలు పారేలా చేసింది. ఆ కాలువలు మనకు అన్నం పెట్టాయి. అదే సమయంలో నేలలోని నీటిని మన కాళ్ల కిందికి తెచ్చి నిలిపాయి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఇంటి పనులు మనం వేసవిలో పెట్టుకుంటాం. అప్పుడు కాలువలు కట్టేసి ఉంటాయి, ఎండకు నేల పగుళ్లు తీసి ఉంటుంది. ఐదారు అడుగులు తవ్వినా గుంత పొడిగానే కనిపిస్తుంది. "ఇక్కడ నీటి బెడద లేదు" అని మేస్త్రీ భరోసా ఇస్తాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, మే నెలలో కంటికి కనిపించింది చెబుతున్నాడు. అదే గుంతను కాలువలు నిండుగా పారే అక్టోబరులో, తుపాను వాన కురిసిన మరునాడు చూస్తే రెండు మూడు అడుగుల లోతులోనే నీరు మెరుస్తూ ఉండవచ్చు. కాబట్టి బాత్‌రూం కట్టదలచినవారు ఒక వానాకాలమంతా తమ బావిలోనో, పక్కింటి బావిలోనో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో సున్నంతో గుర్తు పెట్టుకోవాలి. బావి లేకపోతే పెరట్లో ఒక చిన్న గుంత తవ్వి, పిల్లలు పడకుండా మూతపెట్టి, నెలకోసారి చూసుకున్నా చాలు. ఆ గుర్తే మీ ఇంటి మురుగు పనులన్నింటికీ కొలబద్ద.

రెండవ విషయం, రోడ్డు ఎత్తు. పాత వీధుల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొర మీదనే కొత్త పొర పోస్తూ వచ్చారు. తాతల నాడు రెండు మెట్లెక్కి ప్రవేశించిన ఇంట్లోకి మనుమలు ఒక మెట్టు దిగి ప్రవేశిస్తున్నారు. ఇల్లు కుంగలేదు, వీధి పెరిగింది. చలి దేశాలలో ఇళ్ల కింద నేలమాళిగలు ఉంటాయి. వాటిలో బాత్‌రూం కట్టేవారికి ఎదురయ్యే చిక్కు, మన పల్లపు ఇంటివారికి ఎదురయ్యే చిక్కు ఒక్కటే: మురుగు వెళ్లవలసిన చోటు మన గచ్చు కన్నా ఎత్తులో ఉంది.

ఒక చిన్న లెక్క

మురుగునీరు తనంతట తాను పారాలంటే గొట్టానికి వాలు ఉండాలి. నాలుగంగుళాల గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు మంచి కొలత. వాలు మరీ తక్కువైతే మలినం కదలదు. మరీ ఎక్కువైతే నీరు ముందుగా జారిపోయి మలినం వెనుక మిగిలిపోతుంది.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహిద్దాం. గచ్చు కన్నా రోడ్డు 12 అంగుళాలు ఎత్తు. రోడ్డు పక్కన సైడు కాలువ లోతు 24 అంగుళాలు. అంటే కాలువ అడుగుభాగం మన గచ్చుకు 12 అంగుళాల కింద ఉంది. అందులో మామూలు రోజుల్లో నాలుగంగుళాల నీరు నిలిచి ఉంటుంది. కొత్త బాత్‌రూం ఇంటి వెనుక భాగంలో, కాలువకు 36 అడుగుల దూరాన వస్తుంది. నేలలో ట్రాప్ అమర్చడానికి లోతు కావాలి కనుక గొట్టం గచ్చుకు కనీసం 9 అంగుళాల కింద మొదలవుతుంది. 36 అడుగులకు వాలు మరో 9 అంగుళాలు. కాలువను చేరేసరికి గొట్టం గచ్చుకు 18 అంగుళాల కింద ఉంటుంది. కాలువ అడుగే 12 అంగుళాల కింద ఉంది. నీరు ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. కాలువలోని నీరే గొట్టంలోకి వస్తుంది.

గొట్టం చివర కాలువలోని నీటికి నాలుగంగుళాలైనా పైన ఉండాలంటే, అది గచ్చుకు 4 అంగుళాల కింద తేలాలి. అందుకు బాత్‌రూం నేలను 14 అంగుళాలు ఎత్తు చేయాలి. వాన పడి కాలువ రోడ్డు అంచు వరకు నిండినా అప్పుడు గది నేల ఆ నీటికి రెండంగుళాలు పైన ఉంటుంది. ఈ కొలతలు ఒక్కో ఇంటికి ఒక్కో రకంగా ఉంటాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. పని మొదలుపెట్టకముందే మేస్త్రీ చేత నీళ్లు నింపిన లెవెల్ పైపుతో రోడ్డు, గచ్చు, కాలువ అడుగు, ఈ మూడు మట్టాలూ కొలిపించి కాగితం మీద రాయించుకోవాలి. ఆ ఒక్క పూట పని తరువాతి ఏళ్ల తరబడి బాధను తప్పిస్తుంది.

మరుగుదొడ్డి గొట్టాన్ని నేరుగా సైడు కాలువలో కలపడం ఎంతమాత్రం తగదు. అది సెప్టిక్ ట్యాంకులోకి వెళ్లాలి. ట్యాంకు నుంచి బయటికి వచ్చే నీటికీ ఇదే మట్టాల లెక్క వర్తిస్తుంది. ట్యాంకులోకి వచ్చే గొట్టం కన్నా బయటికి పోయే గొట్టం కనీసం రెండంగుళాలు కిందగా ఉండాలని కూడా గుర్తుంచుకోవాలి.

ఎత్తు చేయాలా, పంపు పెట్టాలా?

నేలను ఎత్తు చేయడం అన్నింటికన్నా నమ్మకమైన మార్గం. కరెంటు అవసరం లేదు, చెడిపోయే యంత్రం లేదు. కానీ 14 అంగుళాలంటే రెండు మెట్లు. ఎవరి కోసం ఆ గది కడుతున్నామో ఆ ముసలితల్లికే ఆ మెట్లు అడ్డమైతే ప్రయోజనమేమిటి? చోటుంటే మెట్లకు బదులు వాలుబాట వేయాలి. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున 14 అడుగుల బాట కావాలి. గోడ పొడవునా పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి. చోటు లేకపోతే మెట్లను నాలుగేసి అంగుళాల ఎత్తులో, నిలబడి ఊపిరి తీసుకునేంత వెడల్పుగా కట్టించాలి.

నేలను ఎత్తు చేయలేని ఇళ్లలో పంపు ఒక్కటే దారి. గచ్చు కింద నీరు చొరబడని చాంబరు కట్టి, మురుగును అందులోకి పారించి, అక్కడి నుంచి పంపుతో ఎత్తి సెప్టిక్ ట్యాంకుకు పంపాలి. అమెరికా, కెనడా దేశాలలో స్థిరపడిన మనవారి ఇళ్ల నేలమాళిగల్లో బాత్‌రూములు చాలావరకు ఈ పద్ధతిలోనే నడుస్తాయి. బోరుకు వాడే మోటారు ఈ పనికి పనికిరాదు. మురుగు కోసమే తయారయ్యే పంపు కావాలి. నీరు ఒక ఎత్తుకు చేరగానే తనంతట తాను పనిచేసే తేలుడు స్విచ్చి ఉండాలి. ఎత్తిన నీరు తిరిగి వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వు ఉండాలి. చాంబరు మూత గాలి చొరనంత బిగుతుగా ఉండి, లోపలి వాయువు పోవడానికి గొట్టం ఇంటి కప్పు దాటి పైకి వెళ్లాలి. తడి చోట కరెంటు కనుక ఎర్తింగు, షాకు కొట్టకుండా ఆపే బ్రేకరు తప్పనిసరి.

పంపు మీద ఆధారపడేవారు ఒక మాట మరువరాదు. మనకు నీటి బెడద వచ్చేది తుపాను రోజుల్లోనే, కరెంటు పోయేదీ అప్పుడే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కథలు మన పెద్దల నోట విన్నాము. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. కాబట్టి కనీసం ఒక రోజు మురుగు నిలిచేంత చాంబరు ఉండాలి. ఇంట్లో ఎత్తైన చోట, పంపు లేకుండా పనిచేసే మరుగుదొడ్డి మరొకటి ఉండాలి.

నాన్ రిటర్న్ వాల్వు గురించి మరో సూచన. పల్లపు ఇళ్లవారు కాలువకు పోయే గొట్టానికి దీనిని అమర్చుకుంటే వీధి మురుగు ఇంట్లోకి ఎగదన్నదు. కానీ అది మూసుకున్నప్పుడు మన నీరు కూడా బయటికి పోదు. కాలువ నిండిన ఆ కొన్ని గంటలు స్నానాలు, బట్టలుతకడం ఆపుకోవాలి. లేకపోతే మన నీరే మన గదిలో తేలుతుంది. వాల్వును మూత తీసి శుభ్రం చేసుకోగల చాంబరులోనే బిగించాలి, గచ్చు కింద పూడ్చిపెట్టరాదు.

మూడు ఊళ్లు, మూడు జాగ్రత్తలు

తెనాలి నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఆ కదలికకు గొట్టాల అతుకులు విడిపోతాయి. రేగడిలో గొట్టాన్ని నేరుగా పూడ్చక, కిందా పైనా ఇసుక పరిచి అమర్చాలి. పాత గోడకూ కొత్త బాత్‌రూం గోడకూ మధ్య గొట్టాన్ని సిమెంటుతో బిగించక కాస్త సందు వదలాలి. రేగడి నీటిని పీల్చుకోదు కనుక ఇంకుడు గుంత మీద ఆశ పెట్టుకోరాదు.

రేపల్లె వైపు నది దగ్గర, సముద్రమూ దగ్గరే. 2009లోనూ, 2024 సెప్టెంబరులోనూ ప్రకాశం బ్యారేజి వద్ద వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాలవారు అప్పుడు పడిన అవస్థ తెలిసినదే. ఈ వైపు సెప్టిక్ ట్యాంకు మూతలను వరద మట్టానికి పైన ఉండేలా ఎత్తుగా కట్టాలి. చాలాచోట్ల నేలలోని నీరు ఉప్పన. ఇనుప గొట్టాలు, ఇనుప మూతలు త్వరగా తుప్పుపడతాయి. ప్లాస్టిక్ గొట్టాలు, సిమెంటు మూతలు మేలు.

బాపట్ల నుంచి సూర్యలంక వైపు ఇసుక నేల. ఇక్కడ నీరు చక్కగా ఇంకిపోతుంది. అదే ప్రమాదం. ఇంకిన మురుగు ఇసుకలో వేగంగా నడిచి, పక్కనే తక్కువ లోతులో ఉన్న చేతిపంపును చేరుతుంది. ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ మధ్య 18 మీటర్లు, అంటే సుమారు 60 అడుగుల దూరం ఉండాలన్నది నిర్మాణ ప్రమాణం. గుంత అడుగుకూ వానాకాలపు నీటి మట్టానికీ మధ్య రెండు మీటర్ల ఎడం ఉంటే మంచిది. అంత ఎడం దొరకని చోట ఇంకుడు గుంత వద్దు. నేల మీదే ఇసుక, కంకర పోసి ఎత్తైన దిబ్బగా చేసి దానిలోకి నీరు వదలడం క్షేమం. ఇసుకలో గుంత తవ్వేటప్పుడు గోడలు ఒక్కసారిగా కూలుతాయి. తవ్వుతున్న కొద్దీ సిమెంటు వరలు దించుకుంటూ పోవాలి. కూలివాని ప్రాణం ఒక పూట పని కన్నా విలువైనది.

ట్యాంకు అడుగు సంగతి

ఖర్చు తగ్గుతుందని సెప్టిక్ ట్యాంకు అడుగున కాంక్రీటు వేయకుండా మట్టి వదిలేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. "నిండదు, తీయించే పని ఉండదు" అని దానిని గొప్పగా కూడా చెప్పుకుంటారు. నిండకపోవడానికి కారణం ఆ మలినం భూమిలోని నీటిలో కలిసిపోవడమే. ఆ నీటినే బోరు ద్వారా తోడి మనం నోట పుక్కిలిస్తున్నాం, ముక్కులో ఎక్కించుకుంటున్నాం, పసిపిల్లలకు స్నానం చేయిస్తున్నాం. తాగడానికి క్యాను నీళ్లు తెచ్చుకున్నంత మాత్రాన ఈ దోషం పోదు. తహారత్‌కు వాడే నీరు తాహిర్‌గా ఉండాలని కోరుకునే మనం, ఆ నీటిని మన చేతులతోనే చెడగొట్టుకోవడం ఎంత విచిత్రం! అదీ మన ఇంటితో ఆగదు. పక్కింటివారు ఏ మతస్థులైనా, వారి బావి నీటిపై వారికి హక్కుంది. దారులను, నీడపట్టులను, నీటి రేవులను మలినపరచడాన్ని దైవప్రవక్త (సఅసం) ఎంత తీవ్రంగా నిషేధించారో మనకు తెలుసు. నేల కింది నీరు కూడా ఒక రేవే. కంటికి కనిపించదు, అంతే.

ట్యాంకు అడుగూ గోడలూ నీరు చొరకుండా కట్టినప్పుడు మరో జాగ్రత్త అవసరం. చుట్టూ నీరు నిండిన నేలలో ఖాళీ ట్యాంకు పడవలా తేలుతుంది. బయటి కొలతలు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు ఉన్న ట్యాంకును పూర్తిగా చుట్టుముట్టిన నీరు దాదాపు 3,400 కిలోల బలంతో పైకి నెడుతుంది. అందుకే అడుగు కాంక్రీటును గోడల బయటికి ఒక అడుగు పొడిగిస్తే పైనున్న మట్టి బరువు దానిని పట్టి ఉంచుతుంది. బజారులో దొరికే ప్లాస్టిక్ ట్యాంకులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించే పని వేసవిలోనే పెట్టుకోవాలి. తీయించిన వెంటనే నీటితో నింపాలి.

ఆ పనికి లారీని పిలవండి, మనిషిని లోపలికి దించకండి. ట్యాంకులోని విషవాయువు క్షణాలలో స్పృహ తప్పిస్తుంది. ఒకరిని కాపాడబోయి రెండవవాడు, మూడవవాడు ప్రాణాలు కోల్పోవడం మనం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఇలాంటి మరణాలకు 30 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయితే పోయిన ప్రాణానికి వెల కట్టగలవారెవరు?

సెల్లారులో కాపలాదారు కుటుంబం

తెనాలి వంటి పట్టణాలలో ఇప్పుడు అపార్టుమెంట్లకు సెల్లార్లు వచ్చాయి. అక్కడే ఒక మూల కాపలాదారు కుటుంబం నివసిస్తుంది. పైనున్న ప్రతి ఫ్లాటులో రెండేసి బాత్‌రూములుంటాయి. కొన్నిచోట్ల సెల్లారు నేల మురుగు గొట్టం కన్నా కిందికి ఉందన్న కారణంతో ఆ కుటుంబానికి ఒక్కటి కూడా ఉండదు. ఆ ఇంటి ఆడపడుచుకూ హయా ఉంది, రాత్రిళ్లు ఆమెకూ భయమేస్తుంది. పైన చెప్పిన రెండు మార్గాలూ ఇక్కడా పనికివస్తాయి. నేలమట్టంలో, మెట్ల కింద ఒక చిన్న గది కేటాయించడం సులువైన మార్గం. అది కుదరకపోతే చాంబరూ పంపూ పెట్టవచ్చు. సెల్లారులోని వాననీటి సంపునూ ఈ మురుగు చాంబరునూ ఎట్టి పరిస్థితిలోనూ ఒకటి చేయరాదు. ఫ్లాట్ల యజమానులు తలా కొంత వేసుకుంటే ఇది భారమయ్యే పని కాదు.

గది లోపల

కమోడు ఏ దిక్కుగా ఉండాలన్నది గొట్టాలు వేయకముందే తేల్చుకోవాలి. తరువాత తిప్పాలంటే నేల పగలగొట్టాలి. మన ప్రాంతానికి ఖిబ్లా సరిగ్గా పడమర కాదు, దానికి సుమారు 14 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. కమోడును ఉత్తర దక్షిణాలుగా అమర్చితే ముఖం గానీ వీపు గానీ ఖిబ్లా వైపు రాదు.

ప్రతి ట్రాపులోనూ రెండంగుళాల నీరు నిలిచి ఉండి దుర్వాసనను అడ్డుకుంటుంది. వాడని బాత్‌రూంలో ఆ నీరు ఆవిరైపోతుంది. వారానికొక చెంబు నీరు పోస్తే చాలు. గాలిగొట్టం పైకొనకు సన్నని వల కట్టకపోతే దోమలు ట్యాంకులో పెరిగి ఆ దారినే బయటికి వస్తాయి.

వుజూ చేసే చోటును వీలైతే మరుగుదొడ్డికి వేరుగా, కూర్చునే పీటతో కట్టించండి. వృద్ధులు ఒంటికాలి మీద నిలబడి పాదం కడగవలసిన అవసరం తప్పుతుంది. ఆ నీటిలో మలినం లేదు కనుక దానిని ట్యాంకుకు పంపక పెరట్లోని అరటిపాదుకు మళ్లించవచ్చు. ట్యాంకు మీద ఆ మేరకు భారం తగ్గుతుంది. నేల తడిసి ముద్దయ్యే వానాకాలంలో మాత్రం మళ్లీ కాలువ వైపు తిప్పుకునేలా గొట్టానికి రెండు దారులు ఉంచండి.

ఇక పని వరుస. ముందు వానాకాలపు నీటి గుర్తు, తరువాత మూడు మట్టాల కొలత, తరువాత నేల ఎత్తా, పంపా అన్న నిర్ణయం, ఆ తరువాత మున్సిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి. టైల్సు ఎంపిక అన్నింటికన్నా చివర. గొట్టాలు పూడ్చేముందు కొన చివర మూసి, నీటితో నింపి, ఒక పూట ఉంచి మట్టం తగ్గిందేమో చూడండి. ఏ గొట్టం ఎక్కడ ఉందో కొలతలతో గీసి, ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచండి. రేపు మరమ్మతు చేయించవలసిన మీ పిల్లలకు అది ఎంతో ఉపకరిస్తుంది.

వచ్చే సంచికలో, ఇన్షా అల్లాహ్, పాత పెంకుటింటి కప్పు కురవకుండా చేసుకోవలసిన మరమ్మతులను గురించి తెలుసుకుందాం.